ఇవతల నిలబడ్డవాడు

ఫ్లాస్కు మూత బిగించి, తలకిందులు చేసి చూశాడు ఆర్విద్. కారలేదు. అయినా మూత విప్పి మరోసారి బిగించాడు. తరవాత ఫోను తీసి, పొద్దున్నించి నాలుగోసారి, కొండల మీద మంచు జారే ప్రమాదం గురించిన హెచ్చరిక చదివాడు. అయిదుకి మూడు. మూడంటే వెళ్ళమనీ కాదు, వద్దనీ కాదు. ఎవరి ప్రాణం వాళ్ళు చూసుకోమని.

గుమ్మం దగ్గర రాన్నె అతని బూటు లేసు పళ్ళతో పట్టుకుని లాగుతోంది. పధ్నాలుగేళ్ళ ఆడకుక్క, రెయిన్‌డీర్ మందల్ని కాసే జాతిది. బూడిదరంగు బొచ్చు మూతి చుట్టూ తెల్లబడింది. కుడికంటి మీద పొర కమ్మింది. వారమంతా పొయ్యి పక్కన పడుకుని మూలుగుతుంది కానీ శనివారం వచ్చిందని దానికి ఎలా తెలుస్తుందో, తెల్లవారేసరికి గుమ్మంలో ఉంటుంది.

"వస్తున్నానే ముసలిదానా! కొండేం పారిపోదులే."

ఆర్విద్‌కి యాభైతొమ్మిది. కొండల మధ్యకి పాయలా చొచ్చుకొచ్చిన సముద్రం, ఫియోర్డు. దాని ఈ ఒడ్డు నుంచి ఆ ఒడ్డుకి తిరిగే ఫెర్రీలో ముప్ఫై ఒక్కేళ్ళుగా బళ్ళు ఎక్కించే పని. రెండు వేళ్ళు ఆడిస్తే ముందుకి రమ్మని, అరచెయ్యి చూపిస్తే ఆగమని. ఊళ్ళో చాలామందికి అతని ముఖంకన్నా ఆ చెయ్యే బాగా గుర్తు. తాళ్ళు లాగి లాగి వేళ్ళ కణుపులు ఉబ్బిపోయాయి. చలికి పగిలిన గీతల్లో ఇంజను నూనె నల్లగా దిగబడింది, ఎంత తోమినా పోదు. పెళ్ళి చేసుకోలేదు. ఎవరి మీదా గొంతు లేపి ఎరగడు. ఫెర్రీలో తోటివాళ్ళు అతన్ని 'జాగ్రత్త' అని పిలుస్తారు, అదీ ముఖం మీదే.

"ఒరే జాగ్రత్తా, ఆ గొలుసుని మూడుసార్లే చూశావు. నాలుగోసారి చూడకపోతే అలుగుతుందిరా!" అని నవ్వుతాడు ఇంజను గదిలో పనిచేసే స్తైనార్.

ఆర్విద్ కూడా నవ్వుతాడు. నవ్వి, నాలుగోసారి చూస్తాడు.

ఈ భయం ఇరవైయేడేళ్ళ నాటిది. అదీ ఇలాంటి మార్చి నెలే. అన్న ఎల్దార్, తనూ కలిసి రాస్తిన్ అనే కొండ మీద గాడిలాంటి ఒక వాలు దాటబోయారు. అన్న ముందు, తను వెనక. అన్న నడిమికి వెళ్ళేసరికి వాలు కదిలింది. పెద్ద చప్పుడు కూడా కాలేదు. దుప్పటి జారినట్టు జారి, అన్నని తీసుకుని కిందికి పోయింది. పైన సగం మంచు ఇంకా వేలాడుతూనే ఉంది. ఆర్విద్ ఇవతల నిలబడి అరిచాడు. కాళ్ళు ముందుకి పడలేదు. చివరికి వెనక్కి తిరిగి, మనుషుల్ని తేవడానికి ఊళ్ళోకి పరిగెత్తాడు. రెండు గంటల తరవాత తవ్వి తీశారు. మూరెడు లోతులో ఉన్నాడు అన్న. మూరెడే.

"నువ్వు వెళ్ళకపోవడమే మంచిదైంది. వెళ్తే నువ్వూ దక్కేవాడివి కాదు," అన్నారు అందరూ. వదిన హెర్దిస్ మాత్రం ఏమీ అనలేదు. ఆ తరవాత పదమూడేళ్ళు అతను కొండ వైపు తలెత్తి చూడలేదు. పని, ఇల్లు, అంతే. ఒకరోజు హెర్దిస్ వచ్చి గుప్పెడంత కుక్కపిల్లని అతని చేతుల్లో పెట్టింది. "ఇది నడవాలి. కాబట్టి నువ్వూ నడవాలి," అని వెళ్ళిపోయింది. అప్పట్నుంచీ శనివారం శనివారం ఎక్కుతున్నాడు. ఎక్కిన ప్రతిసారీ భయపడ్డాడు. అలవాటైపోతుందనుకున్నాడు, కాలేదు.

రోడ్డు చివర కారు ఆపి, వెడల్పాటి మంచుచెప్పులు కట్టుకుని, బిర్చ్ చెట్ల మధ్య నుంచి ఎక్కడం మొదలుపెట్టాడు. అతని దారి ఎప్పుడూ ఒకటే, వాలు తక్కువగా ఉండే కొండ వీపు మీదుగా. గాడి కుడివైపున ఉంటుంది. అక్కడికి వచ్చేసరికి తల ఎడమకి తిప్పుకుంటాడు.

రెండు రోజుల పడమటి గాలికి మంచంతా పోగై గాడి నిండా బలిసి ఉంది. ఎండ పడి అద్దంలా మెరుస్తోంది. కింద ఫియోర్డు నల్లగా, కదలకుండా ఉంది. ఆర్విద్ తల తిప్పుకున్నాడు.

సరిగ్గా అప్పుడే రాన్నె కాళ్ళ దగ్గర్నుంచి తెల్లటి మంచుకోడి ఒకటి టపటపా లేచింది. కుక్క తన వయసు మరిచిపోయింది.

"రాన్నె! వద్దే! రాన్నె!"

అది వాలుకి అడ్డంగా పరిగెత్తి, అవతలి రాళ్ళలోకి దూకింది. పిట్ట ఎగిరిపోయింది. ఒక్కసారి కెవ్వుమన్న అరుపు వినపడింది. తరవాత సన్నటి మూలుగు.

అరచెయ్యి కళ్ళకి అడ్డం పెట్టుకుని చూశాడు. రెండు బండల సందులో దాని వెనక కాలు ఇరుక్కుంది. అది లాక్కోవడానికి గింజుకోవడం లేదు. తల ఇటు తిప్పి, ఒంటికంటితో అతన్నే చూస్తోంది. మధ్యలో నలభై అడుగుల దూరం కూడా లేదు.

ఫోను తీశాడు. సిగ్నల్ లేదు. ఊళ్ళోకి వెళ్ళి మనుషుల్ని తీసుకురావాలంటే రెండు గంటలు.

రెండు గంటలు. ఆ మాట తట్టగానే పక్కకి తిరిగి వాంతి చేసుకున్నాడు. మూతి తుడుచుకుని, ఆలోచించడానికి వీలు లేకుండా, ఒక కాలు వాలు మీద పెట్టాడు.

'హుఫ్' మంది మంచు.

ఆ చప్పుడు చెవికి కాదు, మోకాళ్ళకి వినిపిస్తుంది. లోపలెక్కడో ఒక పొర కుంగింది. అతని కాలి ముందు నుంచి వెంట్రుకవాసి గీత ఒకటి పైకి పాకి ఆగింది. ఆర్విద్ ఊపిరి బిగబట్టాడు. గుండె కొట్టుకునే దెబ్బకే మంచు కదులుతుందేమో అనిపించింది. వెనక్కి వెళ్ళాలనుకున్నాడు. కానీ వెనక్కి తియ్యాలన్నా కాలు ఎత్తాలి. అలా ఎంతసేపు నిలబడ్డాడో తెలియదు. కళ్ళలోంచి నీళ్ళు కారి చెంపల మీద గడ్డకట్టాయి. "అమ్మా, అమ్మా," అని తన నోరే అంటోందని కాసేపటికి తెలిసింది.

రెండో కాలు ముందుకే పడింది. ఎందుకు పడిందో తరవాత కూడా చెప్పలేకపోయాడు. ధైర్యం మాత్రం కాదు.

అవతల బండ పట్టుకున్నాక కూలబడిపోయాడు. వేళ్ళతోనే మంచు తవ్వి కాలు విడిపించాడు. విరగలేదు, చర్మం చీరుకుపోయింది. కానీ రాన్నె నిలబడలేకపోయింది. ఒళ్ళంతా సన్నగా వణుకుతోంది. చుట్టూ నిటారు బండలు, వేరే దారి లేదు. దాన్ని భుజాల మీద వేసుకుని, నాలుగు కాళ్ళూ గుండె దగ్గర కలిపి పట్టుకుని, వచ్చిన అడుగుల్లోనే అడుగులేస్తూ మళ్ళీ దాటాడు. ఈసారి మంచు మీద కుక్క బరువు కూడా. ఆ గీత మీద కాలు వేసేటప్పుడు కళ్ళు మూసుకున్నాడు.

వాలు జారలేదు.

కొండ వీపు మీదికి వచ్చి వెనక్కి తిరిగి చూశాడు. తన అడుగుల వరస అటూ ఇటూ స్పష్టంగా ఉంది. వాలు అలాగే ఉంది. అప్పుడు పట్టుకుంది అతన్ని అసలైన భయం. ఇంతవరకూ పడిందంతా దాని ముందు ఏపాటిది? ఆ రోజు పైన మిగిలిన సగం కూడా జారేది కాదేమో!

కొండ దిగాక మొదటి ఇల్లు హెర్దిస్‌ది. ఇన్నేళ్ళలో శనివారం ఎప్పుడూ అక్కడ ఆగలేదు, కారులోంచి చెయ్యి ఊపి వెళ్ళిపోయేవాడు. ఇవాళ రాన్నెని భుజాల మీద వేసుకునే తలుపు కొట్టాడు.

"ఇదేంటి, మహారాణిగారు పల్లకీ ఎక్కారా?" అంటూ తలుపు తీసింది హెర్దిస్. అతని ముఖం చూసి నవ్వు ఆపేసింది. "లోపలికి రా మరిదీ. బూట్లు విప్పక్కర్లేదు, రా."

పొయ్యి పక్కన రెయిన్‌డీర్ తోలు పరిచి కుక్కని పడుకోబెట్టింది. చేపల పులుసు గిన్నెలో పోసి దాని మూతి దగ్గర పెట్టింది. అరవైయారేళ్ళ మోకాళ్ళ మీద కూర్చుని దాని కాళ్ళు రుద్దుతూ అడిగింది:

"ఎక్కడ?"

"రాస్తిన్ మీద. ఆ గాడి దగ్గర."

రుద్దుతున్న చెయ్యి ఆగింది.

"అవతల ఇరుక్కుంది. వెళ్ళి తెచ్చాను."

"దాటావా?"

"రెండుసార్లు." ఆర్విద్ బల్ల అంచు పట్టుకున్నాడు. "జారలేదు వదినా. కుక్క కోసం దాటాను. అన్న కోసం దాటలేదు. ఆ రోజు దాటినా జారేది కాదేమో. మూరెడు లోతే కదా... ఈ చేతుల్తోనే తవ్వేవాణ్ణి."

హెర్దిస్ మళ్ళీ కుక్క కాలు రుద్దడం మొదలుపెట్టింది.

"ఆ మాట ఎవరైనా అంటారా అని ఇన్నేళ్ళూ చూశాను," అంది. "ఊరంతా 'ఆర్విద్ చేసిందే మంచిది' అంటుంటే నాకు ఒళ్ళు మండేది."

"నా మీద కోపమేనా?"

"కోపం కాక? నీ చెయ్యి చూసి ఫెర్రీ ఎక్కాల్సొస్తుందని చుట్టూ తిరిగి బస్సులో వెళ్ళిన రోజులున్నాయి."

"మరి కుక్కపిల్లనెందుకు తెచ్చావు?"

"నువ్వు ఒడ్డున నిలబడి ఉంటే చూశాను ఒకరోజు. బళ్ళన్నీ ఎక్కేశాయి. నువ్వింకా చెయ్యి ఊపుతున్నావు, ఎదురుగా ఎవరూ లేకపోయినా. మీ అన్నదమ్ములిద్దరూ ఆ రోజే పోయారనిపించింది." పైకి లేచి కాఫీ పోసింది. "జారేదో లేదో నాకూ తెలీదు, నీకూ తెలీదు. తెలియకుండానే చస్తాం. తాగు."

ఆర్విద్ కప్పు అందుకున్నాడు. భయం పోలేదు. బయట చూరు మీంచి మంచు పెళ్ళ జారి ధబ్బున పడితే ఉలిక్కిపడి లేచాడు. హెర్దిస్ నవ్వలేదు. అతని భుజం మీద చెయ్యి వేసి కూర్చోబెట్టి, ఆ చెయ్యి అక్కడే ఉంచింది.

అలా ఎంతోసేపు కూర్చున్నారు. ఎల్దార్ ఈల వేస్తే ఎంత అపస్వరంగా ఉండేదో హెర్దిస్ గుర్తుచేసింది. ఆర్విద్‌కి నవ్వొచ్చింది, నవ్వి ఏడ్చాడు. కిటికీలోంచి ఎండ నేల మీద జరుగుతూ రాన్నె వీపు దాకా వచ్చింది. ముందుగా చూసింది హెర్దిస్. వంగి, అరచెయ్యి దాని డొక్క మీద ఆనించి, తియ్యలేదు.

"ఆర్విద్," అంది మెల్లిగా.

అతను వచ్చి పక్కన కూర్చున్నాడు. ఒళ్ళు ఇంకా వెచ్చగానే ఉంది. వణుకు మాత్రం ఆగిపోయింది. ఇద్దరూ మాట్లాడుకుంటుండగానే వెళ్ళిపోయింది, చప్పుడు చెయ్యకుండా.

మూతి పక్కన నీలం ఎనామిల్ గిన్నెలో పులుసు ముట్టినట్టే లేదు. చల్లారి, పైన సన్నటి నూనె తెట్టు కట్టి, కిటికీలోంచి కనపడే కొండ నీడని చెదరకుండా పట్టుకుని ఉంది.