దీపం ఆగుతుంది

ఆ సోమవారం నేను చేయవలసిన పనులు ఇవి:

ఏడో నంబరు పరికరాన్ని పోలీసుల దగ్గర నుంచి తెచ్చి స్టోరులో జమ చేయించాలి.
పాత డైనమో దీపాలు పది, సైకిల్ గంటలు పది తుక్కు కింద పంపే కాగితం టైపు చేయాలి.
సూచనల కాగితం ఇంకో ముప్పై ఎనిమిది కాపీలు తీయించాలి.
పరికరాల లాభనష్టాల మీద శుక్రవారంలోగా నివేదిక రాయాలి.
ఆ నివేదిక చివర ఇంజనీరు గారు చెప్పిన రెండు వాక్యాలు చేర్చి సంతకం పెట్టాలి.
అత్తయ్యకు మందులు తీసుకెళ్ళాలి.

మొదటి పని అయ్యేసరికే సాయంత్రమైంది. స్టోరుకు తాళం పడింది. కాగితం సంచిలో చుట్టిన ఏడో నంబరును ఇంటికి తెచ్చుకున్నాను. దాని అద్దం మూలగా చిట్లింది. మిగతాదంతా బాగానే ఉంది.

నేను నీటి సరఫరా కార్యాలయంలో సహాయకురాలిని. మా ఇంట్లో డిగ్రీ చదివిన మొదటిదాన్ని నేనే. మా మామయ్య, అంటే అమ్మకు తమ్ముడు, అదే కార్యాలయంలో వాల్వు తిప్పేవాడు. తెల్లవారుజామున నాలుగున్నరకు సైకిల్ కడ్డీకి బారెడు ఇనప తాళంచెవి కట్టుకుని బయల్దేరేవాడు. వీధి వీధికీ ఆగి, రోడ్డులో ఉన్న మూత ఎత్తి, చెవి లోపలికి దించి వాల్వు తిప్పేవాడు. పదకొండు వాల్వులు. ఆయన తిప్పితేనే కుళాయిల్లో నీళ్ళు.

డిగ్రీ మూడేళ్ళూ నన్ను ప్రతి పరీక్షకూ ఆ సైకిల్ వెనక కూర్చోబెట్టుకుని తీసుకెళ్ళాడు. నేను వెనక నోట్సు తిరగేస్తుంటే, "నువ్వు చదువు ఆపకు, గతుకుల సంగతి నేను చూసుకుంటా" అనేవాడు. నాకు ఉద్యోగం వచ్చాక పేరు పెట్టి పిలవడం మానేశాడు. "ఏమే డిగ్రీ" అనడమే.

ఆర్నెల్ల క్రితం కార్యాలయానికి ఆ పరికరాలు వచ్చాయి. సబ్బుపెట్టెంత ఉంటుంది. హ్యాండిల్‌కు బిగిస్తే ముందు దీపం, హారన్, వేగం లెక్క, మాటలతో దారి చెప్పడం, ఫోన్‌కు చార్జింగ్, అన్నీ అందులోనే. అందరూ దాన్ని డబ్బా అన్నారు. ముందు పదిమందికి ఇచ్చి చూడమన్నారు. చూసి రాయవలసినది నేను.

"రెండు రకాల దీపాలుంటే దేని పనితనమో తెలియదు, పాతవి తీయించెయ్ అమ్మా" అన్నారు ఇంజనీరు గారు. నేను జాబితా పట్టుకుని నిలబడ్డాను. స్టోర్‌కీపర్ స్పానరు పట్టుకున్నాడు. మామయ్య సైకిల్‌కు ఇరవై ఆరేళ్ళుగా ఉన్న డైనమో దీపం, గంట ఊడొచ్చాయి.

"ఇదేంటో, ఐదుగురు అన్నదమ్ములకి ఒకే చొక్కా కుట్టించినట్టుంది" అన్నాడు స్టోర్‌కీపర్. "ఒకడు చింపుకుంటే ఐదుగురూ ఇంట్లో కూర్చోవాలి."

"కొత్త చొక్కాని చూసి ఏడవకు బావా" అన్నాడు మామయ్య. వాళ్ళిద్దరికీ చుట్టరికం ఏమీ లేదు, ఆ పిలుపు తప్ప.

మామయ్యకు డబ్బా నిజంగా నచ్చింది. వారం తిరక్కుండా నా బల్ల దగ్గరికి వచ్చాడు. "ఏమే డిగ్రీ, నిన్న నేను ఇరవై రెండు కిలోమీటర్లు తొక్కానట. నీ డబ్బా చెప్పింది. ఇన్నేళ్ళ నుంచి తొక్కుతున్నా ఒక్కడు చెప్పాడా నాకు?"

డబ్బాతో వచ్చిన తెలుగు గొంతు కొయ్యబారినట్టుండేది. అందుకని పద్నాలుగు వాక్యాలు నా గొంతుతో రికార్డు చేయించారు. 'ఎడమవైపు తిరగండి. నెమ్మదిగా వెళ్ళండి.' అలాంటివి. సూచనల కాగితాన్ని ఇంగ్లీషు నుంచి తెలుగులోకి రాసింది కూడా నేనే. మామయ్యకు ఇచ్చిన ఏడో నంబరులో మాత్రం ఎవరికీ చెప్పకుండా పదిహేనో వాక్యం చేర్చాను. రోజూ నాలుగున్నరకు పలికేలా పెట్టాను. మొదటిరోజు అది విని మామయ్య అత్తయ్యను లేపి మరీ వినిపించాడట.

ఆ సోమవారానికి ఇరవై రోజుల ముందు, మంచులో, గోదాముల మలుపు దగ్గర సరుకుల వ్యాను మామయ్యను గుద్దింది. అప్పటికి మూడు వాల్వులే తిప్పాడు. దీపం కనబడలేదు, గంటా వినబడలేదు అని డ్రైవరు చెప్పాడు. నా నివేదిక చివర చేర్చమన్న రెండు వాక్యాలు ఇవి: 'పరికరంలో ఎలాంటి లోపమూ లేదు. సదరు ఉద్యోగి దీపం వేసుకోకుండా నిర్లక్ష్యంగా వెళ్ళినట్టు తెలుస్తోంది.'

ఆ సోమవారం ఇంటికి తెచ్చిన ఏడో నంబరును కిటికీ పక్కన చార్జింగుకు పెట్టి పడుకున్నాను. దానిలోని రికార్డు చూస్తే నివేదికకు పనికొస్తుందనుకున్నాను.

"మామయ్యా, బయల్దేరు."

కళ్ళు తెరిచాను. అమ్మ అప్పటికే మంచం మీద లేచి కూర్చుంది.

"ఎవర్ని పిలుస్తున్నావే?"

"నేను కాదమ్మా."

"నీ గొంతేగా!"

"మామయ్యా, బయల్దేరు." కిటికీ దగ్గర చిన్న వెలుగు. నేను లేచి దాన్ని చేతిలోకి తీసుకున్నాను. వెచ్చగా ఉంది, ఇప్పుడే ఎవరో పట్టుకుని వదిలినట్టు. చార్జింగ్ వల్ల అని నాకు తెలుసు. అయినా వెంటనే కింద పెట్టేశాను. "మొదటి వాల్వు. ఎడమవైపు తిరగండి" అంది నా గొంతు. ఆ రికార్డింగ్ రోజు నేను చాలా సంతోషంగా ఉన్నాను. అది గొంతులో తెలుస్తోంది.

"ఆపవే దాన్ని" అంది అమ్మ, పైట నోటికి అడ్డం పెట్టుకుని. ఆపే మీట నొక్కడం నాకు తెలుసు. చెయ్యి వెళ్ళడానికి చాలాసేపు పట్టింది.

మంగళవారం మందులు తీసుకుని అత్తయ్య దగ్గరికి వెళ్ళాను. తలుపు దగ్గర, ప్రమాదం జరిగిన చోటు నుంచి ఎవరో తెచ్చిపెట్టిన ఇనప చెవి గోడకు ఆనించి ఉంది. ఆఫీసు నుంచి ఎవరూ వచ్చి దాన్ని తీసుకెళ్ళలేదు. స్విచ్చుల పక్కన గోడకు నేను రాసిన సూచనల కాగితం అన్నం మెతుకులతో అంటించి ఉంది.

"అలా చూస్తావేంటి? రోజూ చదివేవాడు" అంది అత్తయ్య. "వేలు పెట్టి, ఒక్కో మాటా కూడబలుక్కుని. నా మేనకోడలు రాసిందే, అచ్చులో పడిందే అని వచ్చినవాళ్ళందరికీ చూపించేవాడు."

"అత్తయ్యా, ఆ రోజు..."

"అడుగు. ఆఫీసువాళ్ళు ఒక్కళ్ళూ నన్ను అడగలేదు. దీపం వేసుకోలేదంటున్నారటగా? దీపం లేకుండా గడప దాటేవాడా మీ మామయ్య? ముందురోజు సాయంత్రం కరెంటు లేదు. డబ్బాకి చార్జింగ్ సరిగా ఎక్కలేదు. ఫోన్ కూడా చచ్చిపోయి ఉంది, దాన్ని డబ్బాకి తగిలించుకున్నాడు. ఇరవై చూపిస్తోంది, ఇవాళ పక్కింటి టార్చి అడిగి తీసుకెళ్ళు అన్నాను. నవ్వాడు."

"ఏమన్నాడు?"

"'పదిహేనుకి దిగినా దీపం ఆగుతుందని రాసింది కదే మన డిగ్రీ' అన్నాడు."

నేను గోడ దగ్గరికి వెళ్ళాను. ఎర్ర పెన్సిల్‌తో గీత గీసి ఉంది.

'బ్యాటరీ పదిహేను శాతానికి తగ్గినప్పుడు ఫోన్ చార్జింగ్ నిలిచిపోతుంది, దీపం ఆగుతుంది.'

అది రాసిన పొద్దు నాకు బాగా గుర్తుంది. అమ్మ చిక్కుళ్ళు తుంచుతోంది. నేను రాసింది రాసినట్టు పైకి చదువుతున్నాను. మొదట 'దీపం ఆరిపోతుంది' అనే రాశాను. ఇంగ్లీషులో ఉన్నది అదే.

"ఛీ, దీపం ఆరడమేంటే" అంది అమ్మ. "మీ మామయ్య రోజూ పొద్దున్నే చూసుకునే కాగితం. కొండెక్కుతుందని రాయి."

"ఆఫీసు కాగితంలో దీపం కొండెక్కితే ఇంజనీరు గారు నన్ను ఎక్కిస్తారు కొండ" అని నవ్వాను. నవ్వాను గానీ ఆ మాట ఉంచలేకపోయాను. మామయ్య రోజూ ఎక్కే సైకిల్, దాని కాగితంలో దీపం ఆరడం. కొట్టేశాను. నిలిచిపోతుంది అని అప్పుడే ఒకసారి వాడాను కదా, ఒకే మాట రెండుసార్లు ఎందుకని 'ఆగుతుంది' అని రాశాను. చదువుకున్నదాన్ని కదా, వాక్యం నున్నగా వచ్చిందని మురిసిపోయాను కూడా.

ఫోన్ చార్జింగ్ నిలిచిపోతుంది, దీపం ఆగుతుంది. పాలు సాయంత్రం దాకా ఆగుతాయి అంటాం. పైకప్పు ఈ వానకు ఆగుతుంది అంటాం. మామయ్య ఆ మాటను మన ఇళ్ళల్లో ఎలా వాడతామో అలాగే చదువుకున్నాడు. ఏది ఆగినా దీపం మాత్రం నిలబడుతుందనుకున్నాడు.

అత్తయ్యకు మందులు ఎప్పుడెప్పుడు వేసుకోవాలో చెప్పి వచ్చేశాను.

బుధవారం తెల్లవారుజామున ఏడో నంబరును నా సైకిల్‌కు బిగించుకున్నాను. బ్యాటరీ ఇరవైకి దిగేదాకా రాత్రే వాడి ఉంచాను. ఫోన్ తగిలించాను. నాలుగున్నరకు అది మామయ్యను పిలిచింది. నేను బయల్దేరాను.

మంచు దట్టంగా ఉంది. దీపం మంచిదే, అబద్ధం ఎందుకు, డైనమో కంటే రెండింతలు వెలుగు. మొదటి వాల్వు, రెండో వాల్వు, మూడో వాల్వు. ప్రతి మూత దగ్గరా ఎవరో ఇప్పుడే ఎత్తి మూసినట్టు తడి. మామయ్య చోటులోకి వచ్చిన కొత్తాయన నాకంటే ముందే వెళ్ళాడన్నమాట. అలా అనుకుంటూ తొక్కాను.

గోదాముల గోడ మొదలయ్యింది. నా గొంతు పలికింది.

"బ్యాటరీ తగ్గింది. దీపం ఆగుతుంది."

ఆ వాక్యం కూడా నేను చదివి ఇచ్చినదే. ఎంత ధైర్యంగా చదివానో! అది విన్నవాడెవడైనా నిశ్చింతగా తొక్కుతాడు. చక్రం నాలుగు చుట్లు తిరిగేంతసేపు వెలుగు ఉంది. తర్వాత పోయింది. హ్యాండిల్ మీద నా చేతులు నాకు కనబడలేదు. హారన్ నొక్కాను. గొంతు పూడుకుపోయినట్టు చిన్న చప్పుడు వచ్చి అదీ పోయింది. గంట కోసం బొటనవేలు వెతికింది. గంట లేదు. అది స్టోరులో తుక్కు పెట్టెలో ఉంది, నేను పెట్టించినదే.

"ముందుకు వెళ్ళండి" అంది నా గొంతు, చీకట్లో. దీపం ఆర్పుకుని, దారి చెప్పడానికి మాత్రం బ్యాటరీ దాచుకుంది. "ముందుకు వెళ్ళండి. ముందుకు వెళ్ళండి."

మామయ్య దిగి ఉండేవాడు, ఆ గొంతు వేరే ఎవరిదైనా అయితే. నాకు అలా అనిపించింది. అది నిజమో కాదో తెలుసుకునే దారి లేదు. నేను సైకిల్ దిగి గోడకు వీపు ఆనించి నిలబడ్డాను. మలుపు అవతల నుంచి ఇంజను చప్పుడు వచ్చింది, వెలుగు వచ్చింది, సరుకుల వ్యాను నా పక్కనుంచి వెళ్ళిపోయింది. డ్రైవరు తల కూడా తిప్పలేదు. ఆయనకు నేను అక్కడ లేను.

శుక్రవారం దాకా ఆగకుండా ఆ రోజే నివేదిక రాశాను. లాభాలు దాచలేదు. వెలుగు బాగుంది, బరువు తక్కువ, ఏ వాల్వు ఎన్నింటికి తిప్పారో దానంతట అదే రాసిపెడుతుంది, తొక్కిన దూరం చెబితే మనిషికి ఉత్సాహం. నష్టం ఒక్కటే రాశాను: అన్నిటికీ ఒకే ప్రాణం, అది దేని కోసం ముందుగా దీపాన్ని వదులుకుంటుందో తొక్కేవాడికి స్పష్టంగా తెలియాలి, అది తెలియనివ్వకుండా చేసింది నేను. ఏడో నంబరు రికార్డు జతచేశాను. నాలుగు నలభై ఎనిమిదికి పదిహేను శాతం. నాలుగు యాభైకి కదలిక లేదు.

ఇంజనీరు గారు రెండుసార్లు చదివారు. చెడ్డమనిషి కాదు. మామయ్య పోయిన రోజు చివరిదాకా ఉన్నారు.

"ఒక్క అక్షరం అమ్మా ఇది. దిద్దేసి కొత్త కాపీలు తీయించు. దీనికీ దానికీ ముడి పెడతావెందుకు?"

"'గ'కు బదులు 'ర' రాసుంటే ఆయన టార్చి తీసుకెళ్ళేవాడు సార్."

"నీ ఉద్యోగం ఇంకా పర్మనెంటు కాలేదు. ఇది పైకి వెళితే నీ మీదికే వస్తుంది."

"రావాలి సార్. ఆయన మీద ఉండకూడదు."

ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. "సదరు ఉద్యోగి అని రాయించింది నేను. పేరు రాయడానికి చెయ్యి రాలేదు" అన్నారు. ఆ రెండు వాక్యాలున్న కాగితాన్ని సొరుగులో పెట్టుకుని, నా నివేదిక మీద సంతకం పెట్టారు.

నా మీద విచారణ జరుగుతోంది. ఏమవుతుందో తెలియదు. కొత్తగా ఇంకో ముప్పై ఎనిమిది మందికీ డబ్బాలు ఇచ్చారు, పాత దీపాలూ గంటలూ ఊడదీయకుండానే. కాగితంలో ఇప్పుడు 'దీపం ఆరిపోతుంది' అని పెద్ద అక్షరాల్లో ఉంది. మొదటి పదిమందిలో మిగిలిన తొమ్మిదిమందికీ స్టోర్‌కీపర్ తుక్కు పెట్టెలోంచి పాతవి తీసి బిగించాడు. పదో గంట చేతిలో పట్టుకుని ఒకసారి మోగించి, "ఏం బావా" అన్నాడు. తర్వాత దాన్ని పాత గుడ్డలో చుట్టి నాకు ఇచ్చాడు.

అత్తయ్యకు అంతా చెప్పాను. కాగితం ముందు నిలబడి చాలాసేపు చూసింది. చింపేస్తుందనుకున్నాను. "ఆయన గీసిన గీత అది" అని ఉంచేసింది. నాతో మాట్లాడుతుంది, ముందు మాట్లాడినట్టే. నన్ను డిగ్రీ అని మాత్రం అనదు.

ఏడో నంబరు స్టోరులో బ్యాటరీ తీసి పెట్టారు. అది పలకదు. అయినా నాలుగున్నరకు నాకు మెలకువ వస్తుంది. అమ్మ మంచం కిర్రుమంటుంది. తనూ మేలుకునే ఉందని తెలుస్తుంది. కాసేపటికి వంటింట్లో కుళాయి బుస్సుమని గాలి వదిలి, ఆ తర్వాత నీళ్ళు పడతాయి.

మీ ఇంట్లో కూడా పడతాయి. పొద్దున్నే కుళాయిలో ఆ గాలి చప్పుడు విన్నప్పుడు, చీకట్లో ఎవరో సైకిల్ మీద వచ్చి తిప్పి వెళ్ళారని అనుకోండి. అప్పుడు మా మామయ్యను ఒక్కసారి తలుచుకోండి. ఆయన దీపం వేసుకునే బయల్దేరాడు.