గెస్ట్‌హౌసుకు అడ్డుపుల్లలు

దండెం మీది దుప్పట్లలో సగం మడతపడ్డాయి. చైర్మనమ్మ మిగతావి లాగుతూ ఉండగానే నలుగురు కౌన్సిలర్లు గేటు తీసుకుని పెరట్లోకి వచ్చారు. ఎందుకు వచ్చారో ఆమెకు తెలుసు. మధ్యాహ్నం మున్సిపల్ సమావేశం. పట్టణం నడిబొడ్డున, కౌన్సిలర్ల పేకాటకు తప్ప దేనికీ పనికిరాకుండా పోయిన గెస్ట్‌హౌసును కాన్పుల ఆసుపత్రి చేయాలని ఆమె పెట్టిన తీర్మానం అక్కడే తేలాలి. ఈ నలుగురిలో ఇద్దరైనా ఇటు తిరగకపోతే అది వీగిపోతుంది.

కిందటి వానాకాలం కూరగాయలమ్మే పిల్ల ఒకతె ఊరవతలి పెద్దాసుపత్రికి పోతూ దారిలో ఆటోలోనే కన్నది. బిడ్డ దక్కలేదు. ఆ ఆటోలో పక్కన కూర్చున్నది చైర్మనమ్మే. ఆ పిల్ల పట్టిన పట్టు ఇప్పటికీ ఆమె మణికట్టును వదల్లేదు.

"మబ్బు పట్టింది. పని చేస్తూ మాట్లాడుకుందాం. మాస్టారూ, ఆ కొస పట్టుకోండి."

రిటైరైన లెక్కల మాస్టారు అలవాటైన చేతులతో అందుకున్నారు. ఇంట్లో దుప్పట్లు మడిచేది ఆయనేనని వీధంతా ఎరుగుదురు.

"ఆసుపత్రి వద్దని కాదమ్మా. ఆ వీధికి కుళాయి రోజు విడిచి రోజు వస్తుంది. నీళ్లు లేకుండా కాన్పులెలా?"

"నిజమే మాస్టారూ." ఆమె తన కొసలు ఆయన చేతికిచ్చి మడత అందుకుంది. "పెద్ద ట్యాంకు నుంచి వేరే పైపు వేద్దాం. గెస్ట్‌హౌసు సోఫాలకూ ఏసీలకూ పోసే డబ్బంతా ఇక మిగులుతుందిగా."

మాస్టారు మనసులో ఏదో కూడుకుని తలూపారు.

మందుల షాపాయన ముందుకొచ్చాడు. "నీళ్ల మాట సరే, ఆ మలుపులో కుక్కలో! ఒక్క దీపమూ వెలగదు. మొన్న రాత్రి నా ప్యాంటు పట్టుకుని వదిలితే ఒట్టు!"

వరండాలో కూర్చున్న చైర్మనమ్మ అత్తగారు చెవి ఇటు వేసింది. "రాత్రిపూట అక్కడ నీకేం పని నాయనా?"

మందుల షాపాయన వంగి ప్యాంటు అంచు దులుపుకున్నాడు. చైర్మనమ్మ నవ్వును దుప్పటి చాటున దాచుకుంది.

"కుక్కల్ని చంపించను, ముందే చెబుతున్నా. ఆపరేషన్లు చేయించి టీకాలు వేయిద్దాం. మూలనున్న చెత్తకుండీ తీయిస్తే సగం అవే పోతాయి. దీపాలు ఈ వారమే పెట్టిద్దాం."

అప్పటిదాకా చేతులు కట్టుకుని నిలబడ్డ పెద్దాయన గొంతు సవరించుకున్నాడు. ఆమెకు ముందు చైర్మన్ ఆయనే. ఈ ముగ్గురినీ వెంటేసుకొచ్చిందీ ఆయనే.

"చిన్నపిల్లవి, ఆవేశంలో ఉన్నావు. ఆ సందంతా గుంతలు. అంబులెన్సు ఎలా వస్తుంది?"

"మీ కారు రోజూ వస్తోందిగా పెదనాన్నా?"

"వస్తోంది, నడుము విరుగుతోంది!"

"మీ నడుమే విరిగితే నెలలు నిండిన పిల్ల సంగతేమిటి? రోడ్డు వేయాల్సిందే. అదీ తీర్మానంలో కలుపుతాను."

చివరి దుప్పటి కొస పట్టుకున్న టైలరు ఫక్కున నవ్వాడు. ఆ వీధి అతని వార్డులోదే. పెద్దాయనకు ఎదురు చెప్పలేక వెంట వచ్చాడే గాని, వచ్చినప్పటి నుంచీ నోరు విప్పలేదు.

"ఏమిట్రా ఆ నవ్వు?" అన్నాడు పెద్దాయన.

"నవ్వక ఏం చేయమంటారు బాబాయ్? గెలిచినప్పటి నుంచీ నీళ్లూ దీపాలూ రోడ్డూ అని గొంతు చించుకున్నా. 'నీ వీధికేం లోటయ్యా, కూర్చో' అన్నారు. ఇవాళ మీరు ముగ్గురూ నాకంటే బాగా చెప్పారు. సభలోనూ ఇలాగే చెప్పండి, మీ కాళ్లకు దండం పెడతా. నా చేయి మాత్రం అక్కకే!"

మాస్టారు దుప్పటి అంచులు సరిచూసి పెట్టారు. "లెక్క సరిపోయిందమ్మా. నీళ్ల సంగతి సభలో నేనే మాట్లాడతాను. నేనూ చేయెత్తుతాను."

"నేనూ ఎత్తుతా," అన్నాడు మందుల షాపాయన. వరండా వైపు తిరిగి గొంతు తగ్గించాడు. "ఆ కుక్కల మాట మా ఆవిడ దాకా పోనివ్వకండి పిన్నిగారూ."

"నువ్వు చేయెత్తు నాయనా, నేను నోరెత్తను," అంది అత్తగారు.

పెరడంతా నవ్వులే. చైర్మనమ్మ కళ్లు చెమర్చాయి. ఇక ఏ పిల్లా ఆటోలో కననక్కర్లేదు. ఆ సందులో దీపాలన్నీ అప్పుడే వెలిగినట్టు ఆమె ముఖం వెలిగింది.

"పెదనాన్నా, ఆసుపత్రి తెరిచే రోజున మొదటి అడుగు మీదే కావాలి. ఆ గదుల గురించి మీకు తెలిసినట్టు ఎవరికి తెలుసు?" వెటకారమేమీ లేకుండానే అడిగింది.

పెద్దాయన ఆమెనూ, తన పక్కనుంచి జరిగి టైలరు చుట్టూ చేరిన ఇద్దరినీ చూశాడు. అత్తగారు టీ తాగి వెళ్లమంటున్నా చెప్పుల్లో కాళ్లు దూర్చి, గేటు బార్లా తీసే వదిలేసి, వీధిలోకి నడిచిపోయాడు.