దారం తెగింది

కీడెంచి మేలెంచమన్నారు పెద్దలు. కీడెంచేదాకా నేను బాగానే వస్తాను, మేలు దగ్గరికి వచ్చేసరికి తెల్లారిపోతుంది.

మా అత్తయ్యను నాలుగు రోజులు వేరేచోట ఉంచుదామని మా అమ్మాయి అన్నప్పుడూ అంతే. అత్తయ్యది మతి తప్పిన వయసు. ఒక పూట నన్ను కోడలంటుంది. ఇంకో పూట బట్టలు కుట్టించుకోవడానికి వచ్చిన మనిషనుకుని, "కొలతకి పాత చొక్కా తెచ్చావా?" అంటుంది. మా ఆయన పోయాక ఆవిడకి కొడుకునీ నేనే, కోడల్నీ నేనే.

"వదిలేయడం కాదమ్మా," అంది మా అమ్మాయి. "ఇంట్లో పెద్దవాళ్లని చూసుకునేవాళ్లు కాస్త తెరిపిన పడాలని, కొన్నాళ్లు అక్కడి నర్సులే చూస్తారు. మళ్లీ మనమే తెచ్చుకుంటాం."

"పడిపోతే?"

"పట్టుకుంటారు."

"నాకోసం వెతుక్కుంటే?"

"నువ్వు ఎదురుగా ఉన్నా వెతుక్కుంటూనే ఉందిగా నానమ్మ! అత్త లేని కోడలు ఉత్తమురాలంటారు కదా, నాలుగు రోజులు ఆ ముచ్చటా తీర్చుకో. నీకు భయపడ్డానికి ఏమీ దొరక్కపోతే, ఏమీ దొరకలేదేంటా అని భయపడతావు."

నేను ఒప్పుకునేదాన్ని కాదు. కానీ అప్పటికే ఒకటి జరిగింది. అత్తయ్య స్నానానికి కాగిన నీళ్లు దించుతూ, నిలబడ్డ పళంగా కునికాను. గిన్నె ఒరిగి నీళ్లు నా పాదం మీద పడ్డాయి. పక్కనే పీట మీద అత్తయ్య. గిన్నె జానెడు అటు ఒరిగి ఉంటే?

అందుకే తీసుకెళ్లాం. అక్కడ అత్తయ్యను చూసుకునే నర్సుకి అన్నీ అప్పజెప్పాను. మాత్ర నలిపి ఇస్తేనే మింగుతుందని, దిండు ఎత్తుగా ఉంటే మెడ పట్టేస్తుందని, దీపం పూర్తిగా ఆర్పితే అరుస్తుందని, కుట్టుమిషను మీద బతికిన మనిషి కాబట్టి ఎవరి బట్ట చూసినా కుట్టు వంకరంటుందని. ఆవిడ ఓపిగ్గా విని, "ఇంకేమైనా ఉందా అమ్మా?" అంది.

"ఇంకేముంటుంది," అన్నాను.

ఇంటికొచ్చాక పడుకోమంటే నిద్రెక్కడిది? పాదం మంట ఒకటి, ఇల్లంతా చప్పుడు లేకపోవడం ఒకటి. బాత్రూముకి వెళ్లినా తలుపు ఓరగా వేసి, చెవి బయటే పెట్టాను. అత్తయ్యకి మతి తప్పినప్పటి నుంచీ నేను గడియ పెట్టుకోలేదు. ఏ క్షణాన పిలుస్తుందో, ఎక్కడ పడుతుందోనని.

"ఎవరున్నారని?" అంది మా అమ్మాయి. నిజమే. అయినా చెయ్యి గడియ దాకా వెళ్లలేదు.

మర్నాడు ఫోనొచ్చింది. "ఏం లేదమ్మా, కంగారు పడకండి," అంది నర్సు. ఆ మాటకే నా పైప్రాణాలు పైనే పోయాయి. "మామ్మగారు పొద్దుట్నుంచీ దారం తెగింది, దారం తెగింది అంటున్నారు. సూది గుచ్చుకుంటుందని, ఉత్త దారపు రీలు చేతికిచ్చాం. నా మొహాన కొట్టారు. ఏ రంగు కావాలో మీకేమైనా తెలుసా?"

"రంగు సంగతి కాదమ్మా అది," అన్నాను.

వెనకటికి మా ముందుగదే అత్తయ్య కొట్టు. పొద్దస్తమానం గిరాకీలు, అందులో మగవాళ్లు. వాళ్ల ఎదుట బాత్రూముకి వెళ్లొస్తానని చెప్పడానికి సిగ్గుపడి, "దారం తెగింది, కూర్చోండి, ఇప్పుడే వస్తా," అని లేచేది. మా ఇంట్లో అందరికీ అదే మాటైపోయింది. మా అమ్మాయి బడిలో కూడా అలాగే అడిగి నవ్వులపాలైంది. అది మా ఇంటి మాటేగానీ లోకం మాట కాదన్న సంగతే నాకు తోచలేదు.

ఫోన్లో చెప్పాను. "అయ్యో," అంది నర్సు. ఆ అయ్యోతోనే తెలిసిపోయింది, అప్పటికే జరగాల్సింది జరిగిపోయిందని.

మేం వెళ్లేసరికి అత్తయ్య ఎవరిదో వదులు గౌనులో, గోడవైపు తిరిగి కూర్చుని ఉంది. మంచం మీద దుప్పటి లేదు. నన్ను చూసి గొంతు తగ్గించి, "మంచినీళ్లు ఒలికాయి," అంది.

"అవునత్తయ్యా. నా చెయ్యే తగిలింది," అన్నాను.

బీరువాలోంచి ఆవిడ చీరలు తీసి సంచిలో కుక్కడం మొదలుపెట్టాను. "ఇంటికి పోదాం పద అత్తయ్యా. ఆరు నూరైనా ఇంక నిన్నెక్కడా ఉంచను."

మా అమ్మాయి సంచి పట్టుకుంది. "తీసుకెళ్లి? ఈసారి ఆ వేడినీళ్లు ఎవరి మీద పడాలమ్మా?"

అంటూనే అది మొహం తిప్పుకుని కళ్లు తుడుచుకుంది.

"తప్పు మాదేనమ్మా," అంది నర్సు. "మాట అర్థం కానప్పుడు వెంటనే మిమ్మల్ని అడగాల్సింది. ఇప్పుడు తెలిసింది కదా."

ఇంతలో అత్తయ్య గౌను అంచు వేళ్లతో నలపసాగింది. నాకు తెలుసు ఆ నలపడం. "దారం తెగింది," అంది.

లేవబోయాను. పాదం సలిపి మళ్లీ కూలబడ్డాను. అప్పటికే నర్సు ఆవిడ చంక కింద చెయ్యి వేసింది. "పదండి మామ్మగారూ, దారం ఎక్కించుకొద్దాం."

అత్తయ్య లేచింది. గుమ్మం దగ్గర ఆగి నావైపు చెయ్యి చూపించి, "పాపం, ఎంతసేపయిందో వచ్చి. ఆవిణ్ణి కూర్చోమను. నేనిప్పుడే వస్తా," అంది.

నేను కూర్చున్నాను. సంచిలో కుక్కిన చీరలు ఒక్కొక్కటే తీసి, మడతలు సరిచేసి, మళ్లీ బీరువాలో పెట్టాను.

బయల్దేరేముందు నర్సుని పక్కకి పిలిచి, "నాక్కూడా దారం తెగిందమ్మా," అన్నాను. పొద్దుట్నుంచీ నాకసలు ఆ ధ్యాసే లేదు. ఆవిడ నవ్వలేదు. వరండా చివర తలుపు చూపించింది.

లోపలికి వెళ్లి అలవాటుగా తలుపు ఓరగా వేశాను. అటువైపు గదిలోంచి అత్తయ్య గొంతు వినిపిస్తోంది: "ఈ జాకెట్టు చెయ్యి ఎవరు కుట్టారు? కుట్టంతా వంకర!" నర్సు ఏదో బదులు చెప్పింది. అత్తయ్య మళ్లీ ఏదో అంది. చెవి అక్కడే పెట్టి కాసేపు నిలబడ్డాను. ఎవరూ నన్ను పిలవలేదు.

తలుపు పూర్తిగా మూసి, గడియ పెట్టుకున్నాను.