చిరగని గౌను

కాంట్రాక్టరుగారి భార్య చేతులకు ఇప్పుడు పనిలేదు. పనిలేకుండా కనిపించడమే వాటి పని. వారానికోసారి పార్లరమ్మాయి ఇంటికే వచ్చి, పెంచిన గోళ్ళకు రంగు వేసి పోతుంది. ఆ గోళ్ళతో సూదిలో దారం ఎక్కించడం మాట అటుంచి, సీసా మూత తీయడమే గగనం. ఆయనగారికి కావలసిందీ అదే. విందుకు వచ్చిన నలుగురూ ఆ చేతులు చూసి, బాగా గడించాడయ్యా అనుకోవాలి. కుట్టుమిషనును కొత్తింటి గడప తొక్కనివ్వలేదు మహానుభావుడు.

ఆవిడ పద్నాలుగేళ్ళు టైలరు షాపులో కుట్టిన మనిషి. మిషను తొక్కే వేగం చూసి అక్కడందరూ రైలక్క అనేవారు. కొత్తింట్లో పన్నెండు గదులున్నాయి గానీ, ఆ పేరుతో పిలిచే దిక్కులేదు.

అందుకే ఓ ఉపాయం పన్నింది. తన గౌను అంచు చిరిగిందంటూ ఆ పాత షాపుకు వెళ్ళడం. పోయిన నెల ఒకటి, ఈ నెల మూడు. వెళ్ళగానే, ఒకప్పుడు తన దగ్గరే పని నేర్చుకున్న శిష్యురాలు కుర్చీ తుడిచి వేసేది. ఎవరైనా ఏదైనా కబురు చెబుతారేమోనని రైలక్క గంటసేపు కూర్చునేది. ఒక్కరూ తలెత్తేవారు కాదు.

ఈరోజు శిష్యురాలు గౌను తిరగేసి, అంచును వెలుతురుకు పట్టింది. దేనికైనా తగులుకుని చిరిగితే దారం ఎక్కడపడితే అక్కడ తెగుతుంది, బట్ట సాగుతుంది. ఇక్కడ మూడు కుట్లకొకటి చొప్పున బ్లేడుతో తెంచి, దారాన్ని ఒక్క లాగుడుతో తీసేశారు. బట్ట మీద గీతైనా పడలేదు. ఆ పద్ధతి తనకు నేర్పింది రైలక్కే. పాపం, అంతంత గోళ్ళు పెంచినా, అబద్ధమాడేటప్పుడు కూడా ఆవిడ చేతికి బట్ట పాడుచేయడం చేతకాలేదు.

"ఇది చిరగలేదు కదండీ," అంది శిష్యురాలు గొంతు తగ్గించి.

రైలక్కకు ఏడుపు ముంచుకొచ్చింది. "ఆ ఇంట్లో ఊపిరాడట్లేదే. కాసేపు నీ పక్కన కూర్చుని గుండీలు కుట్టిపెడతా. డబ్బులేం వద్దు."

శిష్యురాలికి చెప్పక తప్పలేదు.

"మీరొస్తే ఓనరుగారు మమ్మల్ని నోరెత్తనివ్వరండీ. పెద్దింటివాళ్ళు, మర్యాద తప్పకూడదంటారు. మీరు వెళ్ళేదాకా బిగుసుకుని కూర్చుంటాం. ఇకనుంచి బట్టలు డ్రైవరుతో పంపించండి."

రైలక్క సరేనంది. వెళ్ళి కారులో కూర్చుంది. షాపు లోపల ఎవరో ఏదో అన్నారు, అందరూ గొల్లున నవ్వారు. ఏమన్నారో తెలుసుకోవాలని ఆవిడ ప్రాణం కొట్టుకుపోయింది. అమ్మగారి మీద దుమ్ము పడుతుందని డ్రైవరు అద్దం ఎత్తేశాడు.