వోండ్రా వద్దు

ఫోను సంచిలోనే ఉండనీ, ఇంకాసేపు చూడకపోతే కొంపేం మునగదు, ఓడిపోయి ఉంటే కోర్టు గుమ్మంలోనే ఎవరో ఒకరి మొహం చెప్పేస్తుంది, అనుకుంటూ మార్లిస్ వోండ్రా కారు రోడ్డెక్కించింది, రాత్రి ఫలితాలు చూద్దామా అని మొగుడు మైలో అడిగితే టీవీ కట్టేసి పడుకోమంది, తను మాత్రం కన్ను మూయలేదు, జడ్జిగా చేరిన దగ్గర్నుంచీ ఆరేళ్లకోసారి ఇదే తంతు, ఎదురు నిలబడేవాడు ఉండడు, ఓటు చీటీ మీద తన పేరు, కింద ఒకటే ప్రశ్న, ఈవిణ్ణి పదవిలో ఉంచాలా, అవునా కాదా, ఇదివరకు ఆ ప్రశ్న వచ్చిందీ పోయిందీ కూడా తెలిసేది కాదు, ఈసారి మాత్రం కోత అయిపోయిన మొక్కజొన్న చేల గట్ల మీద, ధాన్యం గోదాము మలుపులో, పెట్రోలు బంకు ఎదురుగా, ఎక్కడ చూసినా తెల్ల అట్టలు, వాటి మీద నల్లటి అక్షరాలు, వోండ్రా వద్దు, ఎన్నిక నిన్నటితో అయిపోయినా ఎవరూ పీకలేదు, నెబ్రాస్కా గాలికి టపటపా కొట్టుకుంటూనే ఉన్నాయి.

అవి పాతింది గేలన్ టీజెన్, పందుల పెంపకందారు, ఎవరితోనూ గట్టిగా మాట్లాడి ఎరగని మనిషి, తాగి బండి నడిపిన ఓబర్గ్ అనేవాణ్ణి తను కొద్దిపాటి బెయిలు మీద వదిలింది, చట్టం వదలమనే చెప్పింది, ఎవరైనా వదిలేవాళ్లే, కానీ వారం తిరక్కుండానే వాడు మళ్లీ తాగి, సైకిలు తొక్కుకుంటూ ఇంటికెళ్తున్న టీజెన్ కూతురు టెస్సాని గుద్ది చంపేశాడు, ఆ తర్వాత టీజెన్ కనబడితే చాలు, తను కొట్లో సరుకులు అలాగే వదిలేసి వచ్చేసేది, చర్చిలో బల్ల మారేది, మొన్న శుక్రవారం పోలీసులు ప్రీవిట్ వాళ్ల కుర్రాడు లానీని కోర్టుకి తీసుకొచ్చినప్పుడు జడ్జి కుర్చీలోంచి ఎక్కడికి మారుతుంది, బారులో ఎవడి ముక్కో పగలగొట్టాడు, ఇదివరకు ఏ కేసూ లేదు, వాళ్లమ్మ చివరి రోజుల్లో ఉందండీ, పక్కన ఉండనివ్వండి అని లాయరు బతిమాలాడు, సరే వెళ్లు అనడానికి నోరు తెరిచింది కూడా, అప్పుడు కనిపించాడు, వెనక బెంచీలో, టోపీ మోకాళ్ల మీద పెట్టుకుని, రెప్ప వెయ్యకుండా తననే చూస్తూ టీజెన్, ఇంకో ఓబర్గ్‌ని వదుల్తున్నావా అని ఆ కళ్లు అడుగుతున్నట్టే ఉంది, మరి నోటెంట వచ్చింది ప్రీవిట్లు ఇల్లమ్మినా కట్టలేని బెయిలు, సుత్తి చప్పుడుకి తనే ఉలిక్కిపడింది, తల ఎత్తకుండా తర్వాతి కేసు పిలిచింది.

కోర్టు నడవాలో గుమాస్తా బెర్నడీన్ కాఫీ కప్పుతో ఎదురొచ్చింది, నవ్వుతోంది, నవ్వితే ఏమిటి, జాలిపడి కూడా నవ్వుతారు, ఏంటి జడ్జిగారూ, దెయ్యాన్ని చూసినట్టున్నారు, నూటికి డెబ్బై మంది ఉంచమన్నారు మిమ్మల్ని, మీరింకా చూళ్లేదా, అసలు మిమ్మల్నెవరు తీసేస్తారండీ, ఈ జిల్లాలో సగం మందికి మీరెవరో కూడా తెలీదు, అంది, మార్లిస్ గోడకి చెయ్యి ఆనించింది, గుండెల మీంచి బరువు దిగాలి కదా, దిగలేదు, బెర్నడీన్ గొంతు తగ్గించింది, ఆ లానీ వాళ్లమ్మ సోమవారం పోయిందండీ, సమాధి దగ్గరికైనా పోనివ్వమని అడుగుతున్నాడు, ఇవాళ మొదటి పిలుపు వాడిదే, అన్నట్టు, టీజెన్ మళ్లీ వచ్చాడు, అదే బెంచీ.

నల్లకోటు తొడుక్కుని వెళ్లి కుర్చీలో కూర్చుంది, గెలిచావుగా ఇంకా ఎందుకే భయం అని తిట్టుకుంది, లానీ కళ్లు వాచి ఉన్నాయి, తన వైపు చూడటం లేదు, వెనక్కి చూడకు, పని కానిచ్చెయ్, అని లోపల ఎవరో తొందరపెడుతున్నారు, అదే గొంతు, శుక్రవారం మాట్లాడిన గొంతే, ఆమె బలవంతాన తలెత్తింది, మిస్టర్ టీజెన్, మీరేమన్నా చెప్పాలా అని అడిగింది, అతను లేచాడు, టోపీ అంచు నలుపుతూ, వీడు నా దగ్గరే పనిచేస్తాడండీ, మంచోడు, శుక్రవారం పూచీ ఉండి నా ట్రక్కులో వాళ్లమ్మ దగ్గరికి తీసుకెళ్దామని వచ్చాను, మీరు మళ్లీ ఇటు చూస్తే లేచి చెబుదామనుకున్నా, మీరు తలెత్తలేదు, అన్నాడు, అట్టలు నేనే పాతాను, వద్దనే ఓటేశాను, అది వేరే సంగతి, అని కూర్చున్నాడు, ఆమె బెయిలు డబ్బు రద్దు చేసి, టీజెన్ పూచీ మీద లానీని వెళ్లమంది, థాంక్స్ కూడా చెప్పకుండా వాడు టీజెన్ వెనకే నడిచి వెళ్లిపోయాడు, వాళ్ల వెనక తలుపు మూసుకుపోయింది, ఇన్నాళ్లూ తనని ఈ కుర్చీలోంచి తీసేస్తారని వణికింది, తియ్యలేదు, ఇంకో ఆరేళ్లు ఇందులోనే కూర్చోవాలి, శుక్రవారం ఇందులో కూర్చున్న మనిషితో.