నీకు అలవాటేగా

అత్తగారు పోయి నెల కూడా కాలేదు. ఆరేళ్ళు ఆవిడ మంచం మీద పరిచిన రబ్బరు షీటును ఆమె ఆఖరిసారి రుద్ది కడిగి, ఆరబెట్టి, మడతపెట్టి అటక మీదికి ఎక్కించబోతుంటే, భర్త పేపర్లోంచి తలెత్తకుండానే అన్నాడు.

"పైన పెట్టెయ్యకు. ఆదివారం పెద్దమ్మను తీసుకొస్తున్నా. అక్కడ చూసేవాళ్ళు లేరు. నీకు అలవాటేగా."

ఆ మాట ఆమెకు కొత్త కాదు. పెళ్ళయిన కొత్తలో అందరికంటే ముందు లేవడం అలవాటవుతుందన్నారు, ఆఖర్న తినడం అలవాటవుతుందన్నారు. అయ్యాయి. అత్తగారు పడకేశాక ఆడపడుచు ఫోన్లోనే కన్నీళ్ళు పెట్టుకుని, "వదినకు ఓపికెక్కువ" అని మెచ్చుకుని పెట్టేసేది. తోడేకొద్దీ ఊరడానికి ఓపికేమన్నా చెలమా? ఊట ఎప్పుడో ఎండిపోయిందని ఆమెకొక్కదానికే తెలుసు. పైకి అంటే పోయినావిడ మీద కక్ష కట్టినట్టుంటుందని నోరు కుట్టేసుకుంది.

ఆమె పనిచేసేది పళ్ళ డాక్టరు దగ్గర. పేషెంట్ల పేర్లు రాసుకోవాలి, ఏడ్చే పిల్లల్ని బుజ్జగించాలి, డాక్టరుగారి విసుగు బయటికి వినబడకుండా మధ్యలోనే మింగెయ్యాలి. పన్ను పీకించుకోడానికొచ్చిన యోగా టీచరు, ఆమె నడుం పట్టుకుని కుర్చీలోంచి లేవడం చూసింది. బుగ్గ వాచి మాట సరిగా రాకపోయినా, "మాది వేడిగదిలో చేయించే యోగా. ఒక్కసారి ఊరికే వచ్చి చూడండక్కా" అంది.

"చెమట పట్టించుకోడానికి అంతదూరం ఎందుకు? స్టవ్ దగ్గర నిలబడితే చాలదూ?" అని భర్త జోకేశాడు. కాలేజీకెళ్ళే కూతురు కూడా నవ్వింది. ఆ నవ్వే గుచ్చుకుంది. అయినా ఆదివారం పొద్దున్నే టిఫిను చేసి, మధ్యాహ్నానికి కూర తరిగిపెట్టి మరీ వెళ్ళింది.

తలుపు తీయగానే వేడి మొహాన కొట్టింది. ఎదురుగా గోడంతా అద్దం. అందులో పాత చుడీదారులో భుజాలు వంగిపోయిన మనిషెవరో కనబడితే, పక్కకు జరిగి దారివ్వబోయింది. అది తనే.

"మీ ఒళ్ళు ఎంతవరకు ఒప్పుకుంటే అంతవరకే. చాలనిపిస్తే కూర్చోండి" అంది టీచరు. అందరూ మధ్యమధ్యలో కూర్చుంటున్నారు, నీళ్ళు తాగుతున్నారు. ఆమె మాత్రం కూర్చోలేదు. ఒంటికాలి మీద నిలబడమంటే నిలబడింది, వంగమంటే వంగింది. చెమట కళ్ళలోకి కారి మండుతున్నా తుడుచుకోలేదు. చెవుల్లో హోరు మొదలైంది. అద్దం నల్లబడిపోయింది.

కళ్ళు తెరిచేసరికి వరండాలో చల్లటి నేల మీద ఉంది. టీచరు తడిగుడ్డతో ఆమె మెడ తుడుస్తోంది. తన ఒళ్ళు ఇంకొకరు తుడిచి ఎన్నేళ్ళయిందో ఆమెకు గుర్తు రాలేదు.

"కళ్ళు తిరుగుతుంటే ఆగొద్దా అక్కా? కూర్చోమని చెప్పానుగా!"

"నాక్కాదనుకున్నానమ్మా."

టీచరు నవ్వబోయి ఆగిపోయింది. ఆమె ఎక్కిళ్ళు పెట్టి ఏడ్చింది. అత్తగారి కోసం కాదు. ఆవిడ పోయినరోజు లోపల్లోపల 'అమ్మయ్య' అనుకున్నందుకు, ఆ అమ్మయ్య నెల కూడా నిలవనందుకు.

ఇంటికొచ్చేసరికి గుమ్మంలో ముసలి చెప్పులు, హాల్లో మందుల సంచి.

"ఇంతసేపా? పెద్దమ్మకు అన్నం వేళయింది" అన్నాడు భర్త, టీవీ చూస్తూ.

గదిలో ముసలావిడ గోడవైపు తిరిగి పడుకుంది. "ఏమన్నా కావాలా పెద్దత్తయ్యా?" అంటే ఇటు తిరిగి, ఆమె చేయి గట్టిగా పట్టుకుంది.

"నా కొంప వదిలి రానన్నానే అమ్మాయ్. చంటిపిల్లలా ఎత్తి కారులో కుదేశాడు. కోడల్ని అడిగావట్రా అంటే, తనూ రమ్మంటోందన్నాడు. నిజమేనా?"

ఇరవయ్యేళ్ళలో ఆమెను ఈ ప్రశ్న అడిగిన మొదటి మనిషి. లేదంటే ఈవిడెక్కడికి పోతుంది? అవునంటే తనెక్కడికి పోతుంది?

"నన్నడగలేదు పెద్దత్తయ్యా." ఆమె హాలువైపు ఓసారి చూసింది. "మీ ఇంటి తాళంచెవి ఉందా మీ దగ్గర?"

"వాడే తీసుకున్నాడే."

ఆమె మంచం పక్కన నేల మీద కూలబడింది. "అన్నం ఎంతసేపు?" అని హాల్లోంచి కేక వినబడింది. చేతిలో చెయ్యి అలాగే ఉంది. ఆమె లేవలేదు.