నాలుగు దగ్గర నల్ల టేపు

ఈవార్ రైఫిల్ బోల్టును వెనక్కి లాగి తీసి నూనె గుడ్డ మీద పెట్టాడు. తోలు ముక్కల మధ్య రైఫిల్‌ను బల్లకున్న ఇనుప పట్టు, వైసులో బిగించి, వెనక నుంచి ఖాళీ గొట్టంలోకి కన్ను పెట్టాడు. నది అవతల గడ్డి కొట్టం ఎర్రటి గోడ మీద, ముప్పై ఏళ్ళ కిందట అతనే వేసిన తెల్ల సున్నా ఉంది. గొట్టంలోంచి చూస్తే ఆ సున్నా నట్టనడుమకు రావాలి. అప్పుడు రైఫిల్ కదలకుండా, పైన బిగించిన దుర్బిణిలోని గీతల కూడలిని కూడా దాని మీదికే తిప్పాలి. అలా చేస్తే మొదటి గుండు కనీసం కాగితం మీదైనా పడుతుంది.

ఎర్ర గోడ కనిపించింది. సున్నా కనిపించలేదు. దాని చోట, తడి బొటనవేలితో పలక మీద రుద్దినట్టు బూడిదరంగు మరక ఉంది. చూపు కాస్త పక్కకు జరిపితే సున్నా అంచు తొంగి చూసింది. సూటిగా చూడగానే మళ్ళీ పోయింది.

అతను ఎడమ కన్ను పెట్టాడు. సున్నా దొరికింది. కాని కొట్టం కప్పు అంచు, మొన్నటిదాకా తిన్నగా ఉన్నది, బరువు మోసిన వాసంలా మధ్యలో వంగి కనిపించింది.

పట్నంలో కళ్ళ డాక్టరమ్మ జూన్‌లోనే చెప్పింది. కుడి కంట్లో మధ్య చూపు ఇక తిరిగి రాదని, ఎడమ కంటికి సూదిమందు వేస్తూ ఉంటే కొంతకాలం నిలుస్తుందని, అంచులు మాత్రం చివరిదాకా తోడుంటాయని. ఆమె రాసిచ్చిన కాగితాన్ని అతను నాలుగు మడతలు పెట్టి, చిన్న స్క్రూల సొరుగులో అడుగున దాచాడు. ఆ సొరుగు అతను తప్ప ఎవరూ తెరవరు. మరుగుజ్జు బిర్చి చెట్లు పసుపు తిరిగాయి. సోమవారం తెల్లవారితే మూస్ అనే పెద్ద అడవి దుప్పుల వేట మొదలవుతుంది. ఇవాళ శుక్రవారం. వేటజట్టు పెద్ద సిక్స్టెన్‌కు గాని, ఈ దుకాణం యజమానురాలు షెష్టిన్‌కు గాని అతను ఇంకా చెప్పలేదు.

ఊరిలో ఉన్నది ఒక్కటే దుకాణం. మేకులు, చేపల గాలాలు, రబ్బరు బూట్లు, తూటాలు అన్నీ ఇక్కడే. ఏడాదంతా బీరువాలో పడుకోబెట్టిన రైఫిళ్ళను జనం చివరి వారంలోనే బయటకు తీస్తారు. ఉదయం నుంచి వెనక గదిలో ఈవార్ చేతికి ఏడు వచ్చాయి. పదకొండు గంటలకు అడవి శాఖలో పనిచేసే హోకన్ వచ్చి తలుపు చట్రానికి ఆనుకున్నాడు.

"ఈవార్, నాకు ఇరవై నాలుగు రెట్లు దగ్గరికి చూపించే దుర్బిణి తెప్పించు. మూస్ చెవిలో పిడుదు కూడా కనబడాలి."

"కాల్చేది మూస్‌నా, పిడుదునా?"

"నీకేంలే. పది రెట్లది కొనుక్కుని నాలుగు దగ్గర కట్టు కట్టావు. ఎద్దును కొని దూడలా తోలుకుంటున్నావు."

"ఈసారి నీ కాపు ఎక్కడ? మూస్ కోసం ఎక్కడ కూర్చుంటావు?"

"వాగు పొదల్లో."

"అక్కడ ఎంత దూరం కనిపిస్తుంది?"

"ఎంతా, ముప్పై గజాలు."

"ముప్పై గజాల్లో ఇరవై నాలుగు పెడితే నీకు కనిపించేది వెంట్రుకలు. అవి మెడవో తోకవో నువ్వు తేల్చుకునేలోపు అది మీ అత్తగారింటికి వెళ్ళి కాఫీ తాగుతుంది."

ముందు గదిలో షెష్టిన్ నవ్వింది. హోకన్ కూడా నవ్వి, తూటాల పెట్టె ఒకటి తీసుకుని వెళ్ళాడు. అతను అడ్డు తొలగాక గుమ్మం వెనక నిలబడి ఉన్న యొన్నా లోపలికి వచ్చింది.

ముప్పై నాలుగేళ్ళ మనిషి. ఒంటి మీద ఇంకా ఉద్యోగపు నీలం చొక్కాయే ఉంది. మున్సిపాలిటీ తరఫున ముసలివాళ్ళ ఇళ్ళకు తిరిగి, వాళ్ళ మందులు, స్నానాలు చూసుకుంటుంది. వసంతంలో వేట పరీక్ష పాసై, ఈ ఏడే జట్టులో చేరింది. మేనమామ ఇచ్చిన రైఫిల్ సంచిలో ఉంది. దాని మీద దుర్బిణి లేదు.

"పెద్దాయనా, ఎన్ని రెట్లది కొనమంటారు? ఒకరు పన్నెండంటారు, ఒకరు పద్దెనిమిదంటారు. మా మామ అయితే ఏమీ వద్దు, కళ్ళున్నాయిగా అంటాడు."

"నీ కాపు ఎక్కడ వేశారు?"

"మీ పక్కనే. బురద నేల అంచున. ఎక్కువలో ఎక్కువ నూట ఎనభై గజాలట."

"మధ్య దూరం. అదే చిక్కు. దగ్గరా కాదు, దూరమూ కాదు," అన్నాడు ఈవార్. "రా, కిటికీ దగ్గర కూర్చో."

కిటికీ అరుగు మీద ఇసుక సంచి వేసి, దాని మీద ఒట్టి దుర్బిణిని ఆనించాడు. రెట్లు పెంచే, తగ్గించే రింగును పన్నెండుకు తిప్పాడు. నది అవతల గడ్డిలో గొర్రెలు మేస్తున్నాయి.

"కొట్టానికి కుడిపక్క చూడు. ఏముంది?"

ఆమె చాలాసేపు వెతికింది. "దొరికింది. నల్ల గొర్రె. అబ్బ, నములుతున్న గడ్డి కూడా కనిపిస్తోంది. కాని ఊరికే ఊగుతోందేం?"

"ఊగేది గొర్రె కాదు. నీ గుండె. పన్నెండు రెట్లు పెడితే అది కూడా పన్నెండు రెట్లు కొట్టుకుంటుంది. ఎన్ని గొర్రెలున్నాయి?"

"ఒకటి."

"కన్ను తీయకుండా రింగు కిందికి తిప్పు. నాలుగు దాకా."

ఆమె తిప్పింది.

"మూడున్నాయి," అంది. "పిల్లలు రెండూ ఐదారంగల దూరంలో ఉన్నాయి. ఇందాక లేవు."

"ఇందాక కూడా ఉన్నాయి. నీ అద్దంలో లేవు." అతను మెత్తని గుడ్డతో చేతులు తుడుచుకున్నాడు. "పొద్దు వాలితే పన్నెండు మసకేస్తుంది, నాలుగు వెలుగిస్తుంది. పాతిక గజాల్లోకి వచ్చినా నాలుగు చాలు. నూట ఎనభైలో ఉంటే ఆరుకు తిప్పుకో. ఆ పైనవన్నీ కాగితం మీద చిల్లులు చూసుకోవడానికి."

యొన్నా మూలన నిలబెట్టి ఉన్న అతని రైఫిల్ వైపు చూసింది. దాని దుర్బిణి రింగు నాలుగు దాటకుండా, కరెంటు పనివాళ్ళు వాడే నల్ల టేపు నాలుగు చుట్లు చుట్టి ఉంది.

"దాన్నేనా అందరూ ఈవార్ కట్టు అనేది? ఎందుకు చుట్టారు?"

ఎవరూ అడగక చాలా ఏళ్ళయింది. జట్టులో పాతవాళ్ళకు తెలుసు, కొత్తవాళ్ళకు అదొక వేళాకోళం.

"పందొమ్మిదేళ్ళయింది," అన్నాడు. "పెద్దరాయి దగ్గర నా కాపు. చెట్లు నరికేసిన బయలు దాటి, అవతలి అంచున ఆడ మూస్ వచ్చి నిలబడింది. రింగు పది దగ్గర ఉంది. అద్దం నిండా అదే. చుట్టూ చూశాననే అనుకున్నాను. కాల్చాను. పడింది. తల ఎత్తి చూస్తే దాని దూడ నాలుగంగల దూరంలో నిలబడి ఉంది. నేను రింగు తిప్పేలోపు అడవిలోకి పోయింది. రెండు రోజులు కుక్కలతో వెతికాం. దొరకలేదు. ఆ చలికాలం..." అతను ఆపి, బోల్టు తీసి గుడ్డతో తుడవసాగాడు. అది తుడిచినదే. "తల్లి లేకుండా ఆ మంచులో బతకదు."

"జట్టుకు చెప్పారా?"

"కాఫీ కాగేలోపే చెప్పాను. సిక్స్టెన్ ఒక్క మాట అనలేదు. నా కప్పు నింపాడు, అంతే. అదింకా కష్టం."

యొన్నా మళ్ళీ దుర్బిణిలోకి వంగింది. "ఆ మూడోది కుంటుతున్నట్టుంది. మీరోసారి చూడండి."

ఆమె జరిగింది. అతను అలవాటు కొద్దీ కుడి కన్ను పెట్టాడు. పచ్చటి గడ్డి, చుట్టూ వెలుతురు, నడుమ మరక. చూపును ఎడమకు, కుడికి జరిపాడు. నల్లటిదేదో అంచున మెదిలి పోయింది.

"అవును. ముందు కాలు," అన్నాడు.

యొన్నా తన వట్టి కళ్ళతోనే నది అవతలికి చూసింది.

"అది పడుకుంది, పెద్దాయనా."

గోడ గడియారం వినిపించింది. ముందు గదిలో షెష్టిన్ ఎవరికో మేకులు తూచి పోస్తోంది.

"వచ్చినప్పటి నుంచి మీరు నా చెవితో మాట్లాడుతున్నారు," అంది యొన్నా నెమ్మదిగా. "కొండవాలులో నేను రోజూ వెళ్ళే ఒక తాతగారు కూడా అంతే. నా మొహం చూడాలంటే ఆయన నా చెవిని చూడాలి."

"నువ్వు దుర్బిణి కొనడానికొచ్చావా, నా కళ్ళు పరీక్ష చేయడానికొచ్చావా?"

"కొనడానికే. కాని సోమవారం మీ పక్క కాపు నాది. మన మధ్య రెండొందల గజాల పొదలున్నాయి."

ఆమె రైఫిల్ సంచిని బల్ల కింద పెట్టింది.

"ఇది ఇక్కడే ఉండనివ్వండి. ఇంకా నలుగురికి స్నానాలు చేయించాలి. ఐదులోపు వస్తాను." గుమ్మం దగ్గర ఆగింది. "ఆ రోజు కాఫీ కాగేలోపే చెప్పారన్నారుగా," అని వెళ్ళిపోయింది.

మధ్యాహ్నం అతను బల్ల దగ్గరే ఉడకబెట్టిన గుడ్డు, కరకర రొట్టె తిన్నాడు. రంపపు మిల్లు మూతపడ్డాక ఇరవై మూడేళ్ళ వయసులో ఒక్క చలికాలం కోసమని ఈ బల్ల దగ్గరికి వచ్చాడు. నలభై మూడేళ్ళయింది. తల్లి పోయేదాకా తల్లితో ఉన్నాడు, ఆ తర్వాత అదే ఇంట్లో ఒక్కడూ ఉన్నాడు. పోస్టాఫీసులో మైవోర్ అనే ఆమె ఉండేది. ఆమెను చూడటం కోసం, రావని తెలిసిన ఉత్తరాలు కూడా వచ్చాయేమోనని అడగడానికి వెళ్ళేవాడు. సముద్రం ఒడ్డు పట్నానికి బదిలీ అయిందని ఆమె చెప్పిన రోజు, అది మంచి ఊరేనంటారు అని మాత్రం అన్నాడు. పెళ్ళిళ్ళలో అతన్ని ఎక్కడ కూర్చోబెట్టాలో ఎవరికీ తెలిసేది కాదు. వేట మొదటి రోజున మాత్రం ఎవరూ వెతుక్కోనక్కర్లేదు. పెద్దరాయి, ఈవార్. ముప్పై ఒక్క శరత్తులు. అడవిలోని చెక్క గదిలో కొక్కేనికి అతని పేరు రాసిన కప్పు వేలాడుతుంది. ఆ పేరు అక్కడ తప్ప, తపాలా పెట్టె మీద తప్ప, ఎక్కడా రాసి లేదు.

అతను రైఫిల్ తీసి భుజానికి ఆనించాడు. కిటికీలోంచి నది అవతలికి గురి పెట్టాడు. నాలుగు రెట్లు. గడ్డి, కొట్టం, ఆకాశం అన్నీ ఉన్నాయి. గీతలు రెండూ అంచుల నుంచి లోపలికి వచ్చి, కలుసుకోకముందే మాయమయ్యాయి. ఇప్పుడు రింగును ఎటు తిప్పినా, ఎంత తిప్పినా, ఆ దూడ నిలబడే చోటు అతనికి కనిపించదు.

రైఫిల్ దించి గుడ్డతో తుడిచి మూలన పెట్టాడు. మిగిలిన మూడు రైఫిళ్ళ స్క్రూలను వేలి కొసలతో తడుముతూ, పావు తిప్పు చొప్పున లెక్కపెట్టి బిగించాడు.

నాలుగున్నరకు సిక్స్టెన్ వచ్చాడు. డెబ్బై ఏళ్ళు దాటినా తలుపులో ఇంకా వంగాల్సిన మనిషి. చేతిలో కాపుల పట్టిక. దాన్ని దుకాణం గోడకు గుచ్చుతాడు, ఏటా ఇదే రోజు. అతని వెనకే యొన్నా వచ్చి, రబ్బరు బూట్ల దగ్గర నిలబడి వాటి అంకెలు చూడసాగింది.

"పెద్దరాయి, ఈవార్," చదివాడు సిక్స్టెన్. "ముప్పై రెండోసారి. ఈసారైనా ఆ రాయికి మొగుడిలా కాక మనిషిలా కూర్చో."

"ఆ పేరు కొట్టెయ్, సిక్స్టెన్."

"ఏం, నడుం పట్టిందా?"

"కన్ను. కుడిది పోయింది. ఎడమది బయల్దేరింది."

సిక్స్టెన్ టోపీ తీశాడు. లోపల ఏదో వెతుకుతున్నట్టు చూసి మళ్ళీ పెట్టుకున్నాడు.

"మేలో గురి పరీక్ష కాల్చావుగా. ఐదుకు ఐదు."

"నేను కాల్చలేదు. అలవాటు కాల్చింది."

"ఎప్పటి నుంచి తెలుసు?"

"జూన్ నుంచి."

"జూన్," అన్నాడు సిక్స్టెన్. అతని మొహం ఎర్రబడింది. జేబులోంచి పెన్సిల్ తీశాడు కాని రాయలేదు.

"సోమవారం చెక్క గదిలో బఠానీ సూపు నేను కాస్తాను," అన్నాడు ఈవార్.

"నీ సూపులో ఉప్పెక్కువ."

"నీ నాలుకకు తక్కువేదీ ఆనదు."

సిక్స్టెన్ ముక్కుతో గాలి వదిలాడు. కాగితాన్ని గోడకు ఆనించి, నెమ్మదిగా ఒక గీత గీశాడు. పెన్సిల్ చప్పుడు గదంతా వినిపించింది.

"మరి పెద్దరాయి దగ్గర ఎవరు?"

"ఈ అమ్మాయి. గొర్రెల్ని లెక్కపెట్టడం వచ్చు."

యొన్నా బూటు చేత్తో పట్టుకునే వెనక్కి తిరిగింది. సిక్స్టెన్ ఆమెను పైనుంచి కిందికి చూసి, పట్టికలో పేరు రాశాడు. "రేపు పొద్దున తొమ్మిదికి గురి మైదానం దగ్గర ఉండు. ఆలస్యమైతే మళ్ళీ ఈయన్నే కూర్చోబెడతాను," అని వెళ్ళిపోయాడు. కాసేపు అతని కారు బయట కదలకుండా నిలబడింది. తర్వాత కదిలింది.

ఈవార్ తన రైఫిల్ మీది దుర్బిణిని విప్పాడు. యొన్నా వద్దంటే వినలేదు. ఏళ్ళ ఎండకు, మంచుకు గట్టిపడ్డ పాత టేపును గోటితో లేపి తీసేశాడు. రింగును వేలితో తడిమి, నాలుగు దగ్గర గంటు దొరికించుకుని, కొత్త టేపు చుట్టాడు. ఒక్క చుట్టే.

"ఇది నీకు అడ్డం కాదు, గుర్తు," అన్నాడు. "దూరమైతే గట్టిగా తిప్పు, ఆరుకు పోతుంది. కాల్చే ముందు మాత్రం ఒక్కసారి ఇక్కడికి తెచ్చి లెక్కపెట్టు."

"ఒకటే కనిపిస్తే?"

"ఇంకోసారి లెక్కపెట్టు."

ఆమె రైఫిల్ మీద దాన్ని కూర్చోబెట్టి, స్క్రూలు బిగించి, సంచిలో పెట్టి ఇచ్చాడు. ఆమె అతని చేయి పట్టుకుని, కొద్దిగా పక్కకు జరిగి నిలబడింది. తన మొహం అతని చూపు అంచులోకి వచ్చేటట్టు. అతనికి ఆమె కళ్ళు కనిపించాయి.

ఆమె వెళ్ళాక అతను ముందు గదిలోకి వచ్చాడు. ఒకసారి చెప్పిన మాట రెండోసారికి బరువు తగ్గింది.

"షెష్టిన్, సోమవారం నుంచి గొట్టంలోకి చూడటానికి ఇంకెవరినైనా పెట్టుకో."

ఆమె గల్లా మూసి అతని వైపు చూసింది. గోడలు పలచనివి. అంతా వినే ఉంటుంది.

"నేనే చూస్తాలే," అంది. "ఆ సున్నా ఎక్కడుంది?"

"కొట్టం గోడ మీద. సూటిగా చూస్తే కనిపిస్తుంది."

అతను నూనె మరకల ముంజేతి తొడుగులు విప్పి కొక్కేనికి తగిలించాడు. స్క్రూల సొరుగు లాగి, అడుగునున్న మడత కాగితం తీసి చొక్కా జేబులో పెట్టుకున్నాడు. బయట సైకిల్ తీసి, ఎక్కకుండా, చేత్తో నడిపించుకుంటూ వంతెన వైపు వెళ్ళాడు.

వెనక గదిలో బల్ల మీద వైసు నోరు తెరుచుకుని ఉంది. దాని పక్కన నల్ల టేపు చుట్ట, తర్వాత వచ్చే చేతికి వెతుక్కునే పని లేకుండా, కొస లోపలికి మడిచి ఉంది.